నూకరాజు గారి చెమటలు

షుగర్ పడిపోయినప్పుడు నూకరాజుకి పట్టాల్సిన చెమటలు ఆ వేసవి నుంచి ఆయన భార్య వరహాలుకి పడుతున్నాయి. ఆఫీసులో హెడ్ గుమాస్తా ఆయన. ఇన్సులిన్ వేసుకోవడం ఏనాడూ మరిచిపోడు, తిండి మాత్రం ఫైళ్లు తెమిలాకే. అక్కడ ఆయన భోజనం వాయిదా వేస్తే ఇక్కడ వంటింట్లో ఆవిడ చేతిలో గరిటె వణికేది, గుండె దడదడలాడేది. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు.

డాక్టరు ఆశ్చర్యపోలేదు. షుగర్ తరచూ పడిపోతుంటే ఒంటికి అలవాటై గుర్తులు ఆగిపోతాయని, ఆగినవి ఇంట్లో ఇంకొకరికి వెళ్లడం మామూలేనని చెప్పాడు.

"కొన్ని వారాలు అసలు పడిపోకుండా చూసుకోండి. మీ చెమటలు మీకే తిరిగొస్తాయి. ఇన్సులిన్ మోతాదు నేను తగ్గిస్తాను, మీరు వేళకి తినండి."

"ఇప్పుడు బాగానే నడుస్తంది కదండీ" అన్నాడు నూకరాజు.

నడిచింది కూడా. వణుకు రాగానే వరహాలు ఫోన్ చేసేది, అటెండరు గ్లూకోజు కలిపి ఇచ్చేవాడు. ఆ ఫోన్ వస్తే మీటింగు ఆపాలని ఆఫీసులో సర్క్యులర్ తిరిగింది. పెళ్లినాటి ప్రమాణాల్లో ఇదీ ఉండే ఉంటుందని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆవిడ పుట్టింటికి వెళ్లడం మానేసింది. ఓసారి స్నానం చేస్తూ చెమట పట్టింది తెలియక ఆలస్యం చేస్తే, "ఇంతసేపు ఏటి చేస్తన్నావు? నా ప్రాణం పోతే?" అని కసిరాడు.

ఓ మధ్యాహ్నం ఆయన కుర్చీలోంచి కింద పడిపోయాడు. ఆ వేళకి వరహాలు తీరిగ్గా చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. ఒక్క చుక్క చెమట పట్టలేదు. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించి ఆయన్ని దక్కించారు.

"ఈవిడ ఒంటికీ అలవాటైపోయింది" అన్నాడు డాక్టరు.

వరహాలు మొగుడి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. తనకి తెలియకుండానే మనిషి పోయేవాడన్న భయం ఆవిణ్ణి వదల్లేదు. "ఇకనైనా ఏలకి తినండి" అని బతిమాలింది.

ఆయన జవాబు చెప్పేలోపే, మంచం పక్కన నిలబడ్డ కూతురు నీలవేణి చున్నీతో మొహం తుడుచుకుంది. దాని వేళ్లు వణుకుతున్నాయి. నర్సు పరీక్షిస్తే నూకరాజు షుగర్ నిజంగానే మళ్లీ దిగుతోంది.

"అమ్మయ్య, చెమట ఇంట్లోనే ఉండిపోనాది" అన్నాడు నూకరాజు.

నీలవేణి వచ్చే వారం తిరుపతిలో పశువైద్యం చదువులో చేరాల్సిన పిల్ల. ఆ సీటు వదులుకోవాలని అక్కడికక్కడే తీర్మానమైంది. వరహాలు కాదనబోయి, భర్త మొహం చూసి గ్లూకోజు కలపసాగింది.

"నువ్వు వేళకి తింటే సరిపోద్ది కద నాన్నా?" అంది నీలవేణి.

చిన్నపిల్ల, దానికేం తెలుసని అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వి, కేసు షీటు మీద తల్లి ఫోన్ నంబరు కొట్టేసి పిల్ల నంబరు రాసుకున్నాడు.