నీలం మందు, ఎర్ర లైటు

మంగళవారం పొద్దున ఏసేపు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోసిగిలో మొదటి బస్సెక్కి కర్నూలు ఆస్పత్రికి పోవడం, కాలికి ఆఖరుసారి లైటు పెట్టించుకోవడం, అటునుంచి అటే గుంటూరు బస్సెక్కి పెళ్లాం ముందర నిలబడటం. ఇందులో తప్పిపోవడానికి ఏముంది చెప్పండి?

విశ్వాసమ్మ ఊరివాళ్లతో మిరపకాయల కోతకు పోయి రెండు నెలలైంది. ఏటా ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. ఈసారి చక్కెర జబ్బు పుణ్యమా అని ఏసేపు కుడికాలి వేళ్ల సందున పుండు లేచి, చీము పట్టి, మాత్రలకు లొంగక, మనిషిని ఇంట్లో కూలేసింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో వాళ్లు ఇన్నాళ్లు విడిగా ఉన్నది లేదు. పొయ్యి ముందర కూర్చుంటే ఏసేపుకు కళ్లలో నీళ్లు తిరిగేవి. పొయ్యి అంటించకపోయినా తిరిగేవి. ఆమెకు సొంత ఫోను లేదు. ఆదివారం ఆదివారం మేస్త్రి ఫోను నుంచి ఐదు నిమిషాలు మాట్లాడేది. మిగతా ఆరు రోజులూ ఏసేపు తన ఫోను ఆపేసి ట్రంకు పెట్టెలో దాచేవాడు. ఆమె తప్ప తనకు ఫోను చేసేదెవరు?

కర్నూలు డాక్టరు వైద్యం అతనికి మొదట వింతగా తోచింది. పుండుకు నీలం మందు పూసి, కాసేపాగి, దాని మీద ఎర్ర లైటు వెలిగించేవాడు. "మందొక్కటే పూస్తే పని జరగదప్పా. లైటొక్కటే పెట్టినా జరగదు. రెండూ ఒక్కచోట కలిస్తేనే పుండులో క్రిములు చస్తాయి" అని చెప్పాడు. ఈ ముక్క ఏసేపుకు బాగా ఎక్కింది. నేనూ విశ్వాసమ్మా అంతే కదా అని గొణుక్కుని, లైటు కింద కాలు పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

"మంటగా ఉండాదా?" అని అడిగింది నర్సు శివజ్యోతి.

"కాలికి కాదులేమ్మా" అన్నాడు.

కాలికి విశ్రాంతి ఇమ్మని డాక్టరు నాలుగు వారాలుగా చెబుతూనే ఉన్నాడు. అదొక్కటే ఏసేపు చెవికెక్కలేదు.

ఆ పొద్దున అతను జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి మూట కట్టుకుని గడప దాటుతుంటే పక్కింటి రత్నమణి చూసింది.

"యాడికి పోతాండావన్నా? ఓయమ్మో, ఆ కాలేంది అంత నీలంగా ఉండాది?"

"మందు రంగులే రత్నమ్మా. ఈ పొద్దు ఆఖరు లైటు. బస్సొస్తాండాది, ప్రార్థన చెయ్యి!"

ఆ చివరి మాటే కొంప ముంచింది.

వాళ్ల సంఘంలో గొలుసు ప్రార్థన అని ఒక పద్ధతి. ఎవరికైనా కష్టమొస్తే ఒక ఇంటివాళ్లు మోకరించి ప్రార్థించి, ఇంకో ఇంటికి ఫోను చేస్తారు. వాళ్లు ప్రార్థించి మరో ఇంటికి చేస్తారు. ప్రార్థన గట్టిగా రావాలంటే కష్టం కూడా కొంచెం గట్టిగా ఉండాలి కదా, అందుకని ఎవరి చెయ్యి వాళ్లు వేస్తారు. రత్నమణి "కాలు నీలమైనాది" అంది. పాస్టరమ్మ ప్రసన్నకుమారి "నల్లబడినాదంట" అంది. రిటైర్డు టీచరు హెన్రీ చదువుకున్న మనిషి కాబట్టి, "నల్లబడితే తీసేయక తప్పదు" అన్నాడు. తొమ్మిదో ఇంటికి కాలు తీసేశారు. పదకొండో ఇంటికి మోకాలి పైదాకా తీసేశారు. పన్నెండో ఫోను గుంటూరు మిరప చేలో ఉన్న మేస్త్రి క్రాంతి కుమార్‌కు వెళ్లింది.

విశ్వాసమ్మ కోస్తున్న గంప సాలులోనే వదిలేసింది. "నిన్నొక్కదాన్నే ఎట్ల పంపుతాం మే" అంటూ ఊరి ఆడవాళ్లంతా కాయలు తోలే బండెక్కి ఆమెతోపాటు కర్నూలు దారి పట్టారు. మధ్యాహ్నం మార్కాపురం దాటాక ఏసేపు బస్సుకు ఎదురుగా ఒక బండి నిండా ఏడుపులతో పోయింది. పాపం ఎవరికేమైందో అనుకుని, అతను కళ్లు మూసుకుని వాళ్ల కోసం ప్రార్థన కూడా చేశాడు.

పొద్దు గూకే వేళకు చేరితే మిరప చేలో కూలీల గుడారాల దగ్గర నరమానవుడు లేడు. తాడు మీద విశ్వాసమ్మ పచ్చచీర మాత్రం ఆరుతోంది. ఏసేపు ఆ కొంగు పట్టుకుని నిలబడిపోయాడు. గుడారం వెనక నుంచి వచ్చిన క్రాంతి కుమార్ చేతిలో చెంబు జారిపడింది.

"ఏసేపన్నా! నీకు కాలుండాదా?"

"రెండుండాయి. మా ఇంటామె యాడప్పా?"

"నీ కాలు తీసేసినారని కర్నూలుకు పోయినాది కదన్నా!"

ఏసేపు చేతిలోని రొట్టెల మూటకేసి చూసుకున్నాడు. రెండు నెలలు ఎదురుచూసిందీ, రెండు వందల మైళ్లకు పైగా కుదుపులు పడుతూ వచ్చిందీ ఈ ఖాళీ గుడారం కోసమా? అంతలో మేస్త్రి ఫోను మోగింది. అక్కడ ఆస్పత్రిలో విశ్వాసమ్మ డాక్టరును పట్టుకుని, "తీసిన కాలన్నా ఇయ్యి సామీ, సమాధి చేసుకుంటాం" అని గొడవ చేస్తే, శివజ్యోతి ఉన్నమాట చెప్పి తన ఫోను చేతికిచ్చిందట.

"ఏమయ్యా, నువ్వేనా?"

"నేనే మే. రొట్టెలు తెచ్చినా నీకు."

"నువ్వు చేసినావా?"

"మాడిపోయినాయి."

అటువైపు నవ్వో ఏడుపో తెలియలేదు. "లైటు పెట్టినప్పుడల్లా నా పేరే తల్సుకుంటాంటివంట, నర్సమ్మ చెప్పినాది."

"నువ్వు ల్యాక శానా కష్టమైనాది మే" అన్నాడు ఏసేపు, మేస్త్రి వింటున్నాడని కూడా చూడకుండా. "పుండు మానినాది. ఉండు, ఇప్పుడే బస్సెక్కి వస్తాండా."

"వద్దు! రెండు కాళ్లూ ఉండాయా?"

"ఉండాయి."

"అయితే రెండూ ఆడే పెట్టు. నేనే వస్తాండా."

ఏసేపు పచ్చచీర భుజాన వేసుకుని, మిరపకాయల బస్తా మీద కాలు చాపి కూర్చున్నాడు. డాక్టరు నాలుగు వారాలుగా మొత్తుకున్న విశ్రాంతి ఆ కాలికి దొరికింది అప్పుడే.