డాఫ్నీ పేరు పెట్టాల్సిన పురుగు

మ్యూజియం నేలమాళిగలో పురుగుల జాతులు తేల్చే లెస్ ట్రెంబత్ ఆ శుక్రవారం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకు మ్యూజియం టీ గదిలో తోటి ఉద్యోగి డాఫ్నీకి వీడ్కోలు. ఆలోగా ఒక పురుగు తోక బొమ్మ గీయడం పూర్తిచేసి, దానికి ఆమె పేరు పెడుతున్నానని అందరి ముందూ చెప్పాలి. మూడింటి విమానానికి ఆమె అడిలైడ్ వదిలి పెర్త్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుంది. ఎదుటి బల్ల మీదున్న తన టీ కప్పును ఆమె అప్పుడే సర్దేసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆ మనిషికి మనసులోని ఒక్క మాట చెప్పలేకపోయిన లెస్‌కు ఇక మిగిలిన దారి ఇదే.

వాలబీ అనే చిన్న కంగారూ కడుపులోంచి తీసిన పురుగుకు తన పేరు పెడితే ఏ ఆడమనిషి మురిసిపోతుందని బయటివాళ్లు అడగొచ్చు. ఆ నేలమాళిగలో మాత్రం అంతకు మించిన గౌరవం లేదు. ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవడం అక్కడ సిగ్గుమాలిన పని. ఇంకొకరు తలచుకుని పెట్టాలి. చిక్కల్లా, జాతి తేలాలంటే మగపురుగు తోక చూడాలి. లెస్ సీసాలో ఆడవి నలభై, మగది ఒక్కటి. అంతమంది మధ్య ఉండీ ఒంటరిగా కనిపించే దానిమీద అతనికి ఎందుకో మమకారం.

తొమ్మిదింటికి మగదాన్ని గాజు పళ్లెంలో వేశాడు. వీడ్కోలుకు తెచ్చిన రెండు డబ్బాల లామింగ్టన్ కేకులు బాగున్నాయో లేదో చూసుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పళ్లెం ఉంది, పురుగు లేదు. రెండు డబ్బాల్లో ఒకటి మాయమైంది. పురుగును ఎత్తే సూదితోనే డబ్బాల అట్టలు చింపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పురుగు ఆ సూదికే అంటుకుని కేకుల్లో పడి ఉంటుంది. లామింగ్టన్ల నిండా తెల్లటి కొబ్బరి తురుము. పురుగుదీ అదే రంగు, అదే పొడవు.

"ఏం చేస్తున్నావు గురూ?" భవనం భద్రత చూసే నెరిడా గుమ్మంలో నిలబడింది.

లెస్ భూతద్దం కింద కేకు మీది కొబ్బరిని పట్టకారుతో ఒక్కో పోగూ తీస్తున్నాడు. "కొబ్బరి కాస్త ఎక్కువైంది. రెండో డబ్బా ఏది?"

"నేనే పైకి పట్టుకెళ్లాను. టీ గదిలో అప్పుడే సగం లాగించేశారు."

లెస్ మొహం పాలిపోయింది. "నమిలారా, మింగారా?"

"అదేం ప్రశ్న!"

"నమలకుండా మింగి ఉంటే ఇంకా ఆశ ఉంది."

సంగతి రాబట్టడానికి నెరిడాకు అర నిమిషం చాలింది. రెండు నిమిషాల్లో టీ గదిలోని పధ్నాలుగు మందినీ ఆమె బయట పచ్చిక మీదికి తోలేసింది. గుమాస్తా ఒకాయన తన కడుపులో ఏదో పాకుతోందని ఒట్టేసి చెబుతున్నాడు. "పదేళ్లు స్పిరిట్లో నానిన పురుగండీ, ఎప్పుడో చచ్చింది," అని లెస్ ధైర్యం చెప్పేసరికి ఇద్దరు కక్కారు. అతను పట్టకారు పట్టుకుని, పళ్ల సందుల్లో ఒక్కసారి చూడనివ్వమని అందరినీ బతిమాలుతున్నాడు.

"ఏమిటీ జాతర?" నేలమాళిగ మెట్లెక్కి డాఫ్నీ వచ్చింది.

"మగది పోయింది డాఫ్నీ. ఉన్నదొక్కటే."

"పక్కగదిలో నా మైక్రోస్కోపు కింద ఉందిగా! నువ్వు చేతులు కడగడానికి వెళ్లినప్పుడు తోక చూద్దామని తీసుకెళ్లాను."

పధ్నాలుగు మంది చూపులూ లెస్ మీద పడ్డాయి. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. "దానికి నీ పేరు పెడదామనుకున్నాను," అన్నాడు.

"పెట్టలేవు లెస్. దానికి పేరుంది."

"ఎవరిది?"

"నిరుడు క్వార్న్ ఊరి దగ్గర వాలబీలో ఇదే పురుగు నాకు దొరికింది. దాని మీద నా వ్యాసం నిన్న అచ్చయింది. ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది, నీకు తెలియనిదేముంది?" కోటు జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది. లాటిన్ తోక తగిలించుకుని, అందులో లెస్ ఇంటిపేరు ట్రెంబత్ ఉంది. "టీ దగ్గర చదువుదామనుకున్నాను. నోటితో చెప్పడం నాకూ చేతకాదు."

లెస్ రెండుసార్లు చదివాడు. పోయిన ఇరవై రెండేళ్లూ ఒక్కసారిగా గుండెను పిండాయి. "ఇన్నేళ్లూ ఎదుటి బల్లే కదా డాఫ్నీ!"

"తలెత్తితే కదా నువ్వు!"

"మరి కేకులు తినొచ్చా?" అంది నెరిడా.

"పెర్త్ వైపు కూడా వాలబీలున్నాయట," అంది డాఫ్నీ ఎటో చూస్తూ. "వాటి పురుగులను చూసే దిక్కు లేదట."

విమానంలో ఇంకో సీటు ఖాళీ ఉందా అని అడగడానికి ఈసారి లెస్‌కు పదకొండు నిమిషాలే పట్టాయి.