టెక్కలి ఆఫీసు, పలాస పెరడు

సోమవారం పొద్దున్నే లేచి, తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందు టెక్కలి బస్సెక్కాలన్నది రమణమూర్తి పథకం. తోటల సర్వే ఆఫీసులో ఆయన సూపరింటెండెంటు. తుపానుకి ఆఫీసు పైకప్పు లేచిపోవడంతో, బాగు చేసేదాకా ఇళ్ళ నుంచే పనిచెయ్యమన్నారు పైవాళ్ళు. ఆ నెలలన్నీ ఆయన పలాసలో తన ఇంటి పెరట్లో, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, రెండు చేతులతో జీడిపప్పు పొట్టు తీస్తూ గడిపాడు. భార్య గౌరీశ్వరిది ఇంట్లోనే చిన్న జీడిపప్పు వ్యాపారం. ఆవిడ లెక్కలో కూర్చున్న మనిషంటే ఖాళీగా ఉన్న మనిషే. ఆఫీసులో ఆయన గంట కొడితే మనిషి వచ్చేవాడు. ఇంట్లో ఆవిడ కేకేస్తే ఈయన వెళ్ళేవాడు.

అందుకే ఉద్యోగులంతా ఆఫీసులకు తిరిగి రావాలని ఆర్డరు రాగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఫోనులో మీటింగు పెట్టి అందరికీ చదివి వినిపించాడు. అసిస్టెంటు భార్గవి ఒక్కతే అడ్డు చెప్పింది. ఆమె అత్తగారి ఊరు అక్కుపల్లి దగ్గర.

"మా అత్తని వారంలో మూడు దినాలు పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెల్లాలి సార్. ఇంటికాడ నుంచయితే ఆవిడ పక్కన కూసునే పని సేసీస్తన్నాను. ఏదైనా ఆగిందేటి? పని అయినాదా నేదా సూడాలి గానీ, కుర్సీలో మనిసున్నాదా అని సూత్తారేటి?"

"కుర్సీలో మనిసుంటేనే గవర్నమెంటమ్మా. పెరట్లో లుంగీ కట్టుకుని కూసున్నోడికి ఎవుడు దండం పెడతాడు?" అన్నాడు రమణమూర్తి, లుంగీ సర్దుకుంటూ.

"సరే సార్," అని భార్గవి ఫోను పెట్టేసింది. ఆ సరే ఆయనకి కాస్త గుచ్చుకుంది. కానీ ఆర్డరు ఆర్డరే కదా అని సరిపెట్టుకున్నాడు.

సోమవారం బయల్దేరే ముందు ఉప్మా తింటూ, "ఇంట్లో ఇన్ని బస్తాల జీడిపప్పుంది, ఇందులో ఒక్క పలుకైనా నేదేటి?" అని గొణిగాడు.

"అమ్ముకునే పప్పు మీకేటి?" అంది గౌరీశ్వరి.

ఇక ఈ ఇంటితో పనేముందని ఆయన హుషారుగా బస్సెక్కాడు.

టెక్కలి ఆఫీసు కొత్త సున్నం వాసన కొడుతోంది. సిబ్బంది అంతా వచ్చారు. భార్గవి కూడా వచ్చింది, అత్త సూరమ్మని ఆసుపత్రిలో ఒక్కదాన్నే వదిలేసి. హాజరు ఇకమీదట రిజిస్టరులో కాదు, ఫోనులో మొహం చూపించి వేసుకోవాలి. రమణమూర్తి మీసం దువ్వుకుని మొదట తన మొహం పెట్టాడు. "మొహం సరిపోయింది. మీరు ఆఫీసుకు చాలా దూరంలో ఉన్నారు," అంది ఫోను. ఆయన రెండడుగులు ముందుకేసి మళ్ళీ పెట్టాడు. కుర్చీలో కూర్చుని పెట్టాడు. ఫోను అదే మాట అంది. అందరి ఫోన్లూ అదే మాట అన్నాయి.

ఫోన్ల సంగతి తెలిసిన గుమాస్తా కామేశ్ మ్యాపు తెరిచి, కళ్ళు చిట్లించి చూశాడు. "సార్, ఆఫీసు ఇక్కడ నేదండి."

"నేకపోతే ఎక్కడికెల్లిపోనాది?"

"పలాసలో సూపిత్తందండి. జీడి ఫ్యాక్టరీల ఎనకాల... ఏదో పెంకుటిల్లు. పెరట్లో నీలం ట్యాంకు, దాని పక్కన కొబ్బరిసెట్టు వంకరగా ఉన్నాది."

వంకర కొబ్బరిచెట్టు అనగానే అది తన పెరడేనని రమణమూర్తి గుర్తుపట్టాడు. మొన్న, ఆఫీసు ఉన్న చోటు ఈ హాజరు యాప్‌లో నమోదు చెయ్యమని పైనుంచి ఫోనొచ్చినప్పుడు ఆయన పెరట్లోనే ఉన్నాడు. "మీరు ఇప్పుడు ఆఫీసులో ఉన్నారా?" అని యాప్ అడిగింది. మనసు అప్పటికే టెక్కలి చేరిపోయింది కాబట్టి, ఆయన "అవును" నొక్కేశాడు.

గడువు దాటితే అందరికీ గైరుహాజరే. "పదండి, పదండి! మా ఇంటికి... అదే, ఆఫీసుకి!" అన్నాడు. బండ్లున్నవాళ్ళు బండ్లెక్కారు. ఆయనా భార్గవీ ఆటో ఎక్కారు.

ముందు చేరింది కామేశ్. హెల్మెట్ తీసి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాలే సిబ్బంది బండ్లు ఒక్కొక్కటీ వచ్చి ఆగాయి. పప్పు ఆరబోస్తున్న గౌరీశ్వరి బిత్తరపోయి చూసింది.

"అమ్మా... సార్... సార్ని భార్గవిగారు ఆటోలో తెత్తన్నారండి," అన్నాడు కామేశ్.

గౌరీశ్వరి చేతిలోని చేట కిందపడింది. "అయ్యో! పొద్దుట నవ్వుకుంటూ ఎల్లినాడు కదరా నాయనా! పప్పడిగితే అమ్ముకునేది మీకేటి అనీసినాను! నా నోరు పడిపోనూ!" అని కూలబడి ఏడ్చింది. పక్కింటి కాంతం పరుగెత్తుకొచ్చి, సంగతేమిటని అడగకుండానే తనూ అందుకుంది. వీధి వీధంతా గుమిగూడింది. కామేశ్ ఏదో చెప్పబోయాడు గానీ ఆ ఏడుపుల్లో అతని మాట వినేదెవరు?

ఆటో మలుపు తిరిగింది. రమణమూర్తి చూశాడు. తన ఇంటి ముందు జనం, తలమీద చేతులు పెట్టుకున్న ఆడవాళ్ళు, లోపల్నుంచి శోకాలు. "గౌరీ! నన్ను ఒగ్గీసి ఎల్లిపోనావా!" అని ఆటో ఆగకముందే దూకాడు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. జనాన్ని తోసుకుంటూ లోపలికి పరుగెత్తాడు. ఆయన్ని తెచ్చారనుకుని గౌరీశ్వరి బయటికి పరుగెత్తింది. గుమ్మంలో ఇద్దరూ ఢీకొన్నారు.

"నువ్వున్నావేటి!"

"మీరు బతికే ఉన్నారేటి!"

చేతులు పట్టుకుని ఇద్దరూ మళ్ళీ ఏడ్చారు. ఈసారి ఎందుకో ఇద్దరికీ తెలియదు.

"సార్, టైమైపోతంది, మొహం పెట్టండి," అని కామేశ్ ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్ళాడు. "మొహం సరిపోలేదు," అంది ఫోను. ఏడుపు మొహాన్ని అది ఒప్పుకోలేదు. ట్యాంకు దగ్గర కడుక్కుని, గౌరీశ్వరి కొంగుతో తుడుచుకుని పెడితే అప్పుడు హాజరు పడింది. ఆ మధ్యాహ్నం ఉప్మాలో ఉప్మా కంటే జీడిపప్పే ఎక్కువ కనిపించింది.

సాయంత్రం వెళ్ళేటప్పుడు కూడా అక్కడే మొహం చూపించాలి. అందుకని ఎవరూ కదలలేదు. అది తన పెరడని చెప్పకుండా, చోటు మార్చమని మాత్రం రమణమూర్తి పైకి రాశాడు. పరిశీలిస్తున్నామన్నారు. పరిశీలన సాగుతూనే ఉంది. మెల్లగా బల్లలొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి. కవిటి నుంచీ అక్కుపల్లి నుంచీ రైతులు, టెక్కలి దాకా పోనక్కర్లేదని, కొబ్బరితోటల అర్జీలు పట్టుకుని తిన్నగా పెరట్లోకే రావడం మొదలుపెట్టారు. లైను తప్పినవాళ్ళని గౌరీశ్వరి గదమాయించేది.

ఆసుపత్రి అక్కడికి నడక దూరం. భార్గవి మధ్యాహ్నం వెళ్ళి అత్తని తీసుకొచ్చి వరండాలో మంచం మీద పడుకోబెట్టేది. గౌరీశ్వరి ఆవిడ కోసం విడిగా ఉప్పు లేకుండా వండేది.

ఒకరోజు రమణమూర్తి ఫ్యాను సూరమ్మ వైపు తిప్పి పెట్టాడు. "గాలి సాల్తందా అమ్మా?"

"సాల్తంది బాబూ. ఈ ఆఫీసు శానా బాగున్నాది," అందావిడ.

ఆయన భార్గవి వైపు చూడలేక ఫైలు వైపు చూశాడు.

ఇంతలో పెద్దాఫీసరు యుగంధర్ గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆఫీసు పెరట్లో ఉందని ఆయనకి తెలిస్తే కొంప మునుగుతుంది. హాజరు పోకూడదని రమణమూర్తి సిబ్బందిని ఇంట్లోనే ఉంచి, తను మాత్రం పూలదండ పట్టుకుని టెక్కలి వెళ్ళి, ఖాళీ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. మధ్యాహ్నానికి దండ వాడింది. అప్పుడు ఫోను మోగింది.

"రమణమూర్తి గారూ, ఎక్కడున్నారు?"

"ఆఫీసులోనే ఉన్నానండి, తమ కోసం ఎదురుసూత్తన్నాను."

"నేనూ ఆఫీసులోనే ఉన్నాను. మీ సిబ్బంది ఉన్నారు, రైతులున్నారు. ఎవరో మేడమ్ నాకు జీడిపప్పు పెట్టారు. మీరే కనబడడం లేదు."

యుగంధర్ గారు యాప్ చూపించిన దారినే వచ్చారు మరి.

"టెక్కలి ఎల్లినారండి," అని వెనక నుంచి గౌరీశ్వరి గొంతు వినిపించింది.

"ఆఫీసు వేళలో టెక్కలిలో ఏం పనండీ మీకు?" అన్నారు యుగంధర్ గారు.

వారం తిరక్కుండా రెండు కాగితాలొచ్చాయి. జిల్లాలో ఇంత నిండు హాజరు ఎక్కడా లేదనీ, ఆఫీసు ఉన్నచోటే కొనసాగాలనీ ఒకటి. పనివేళల్లో ఆఫీసు విడిచి తిరిగినందుకు సూపరింటెండెంటుకి మెమో ఇంకొకటి. మొదటిది చదివి భార్గవి కళ్ళు తుడుచుకుంది. రమణమూర్తి రెండోది మడిచి జేబులో పెట్టుకుని, వారానికి ఒక్కరోజైనా టెక్కలి భవనంలో కూర్చుని పనిచేసుకోనివ్వమని వినయంగా అర్జీ పెట్టుకున్నాడు. ఇంటికి దూరంగా పనిచేసే సౌకర్యం ఎవరికీ ఇవ్వడం లేదని జవాబొచ్చింది.

మొన్న శుక్రవారం ఆయన ఒక పూట సెలవు పెట్టి టెక్కలి ఆఫీసుకి వెళ్ళొచ్చాడు.