హార్డ్ డిస్క్ కనబడుటలేదు

గురువారం పొద్దున ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని, చలపతిరావు తన కంప్యూటర్‌ని చంపేద్దామని నిర్ణయించుకున్నాడు. నిజంగా కాదు. చచ్చిందని పదిమందికీ చెప్పుకునేంతవరకే.

కారణం చిన్నదే. సాయంత్రం నిర్మాత త్రినాథరావు గారికి సినిమా క్లైమాక్సు వినిపించాలి. నెలల తరబడి రాస్తున్న ఆ క్లైమాక్సు ఇప్పటికి 'గోడౌన్, రాత్రి' అనే దాకా వచ్చింది. అందులో రాత్రి ఇంకా ఖాయం కాలేదు.

ఫిల్మ్‌నగర్‌లో చలపతిరావు తెలియని రచయిత లేడు. థియేటర్లో చలపతిరావు తెలిసిన ప్రేక్షకుడూ లేడు. ఇన్నేళ్లూ అతను రాసిన మాటలన్నీ పెద్దవాళ్ల పేర్లు తగిలించుకుని తెర ఎక్కాయి. ఇలాంటి పనిచేసేవాణ్ణి అక్కడ ఘోస్టు అంటారు. అసలు దెయ్యానికైనా అమావాస్య రోజు కాస్త గుర్తింపు ఉంటుంది. ఈయనకి అదీ లేదు. ఇన్నాళ్లకి మొదటిసారి 'మాటలు: చలపతిరావు' అని తెర మీద విడిగా టైటిల్ కార్డు వేస్తానన్నారు త్రినాథరావు. సాయంత్రం చేతులూపుకుంటూ వెళ్తే ఆ కార్డు ఇంకొకడి పేరు మీదకి వెళ్లిపోతుంది. వెళ్లిన కార్డు వెనక్కి రావడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

ఇల్లు రహమత్ నగర్‌లో. ఎవరైనా అడిగితే "జూబ్లీహిల్స్ దిగగానే" అంటాడు. దిగాలన్న మాట నిజమే. ఎంత దిగాలో చెప్పడు.

"ఏవండీ, ఆ పాత డిస్కు ఎందుకు తీశారు?" అంది రాజ్యలక్ష్మి. ఆయన భార్య. ఫిల్మ్‌నగర్‌లో సగంమంది రచయితలకి తన లాప్‌టాప్ మీద స్క్రిప్టులు టైపు చేసి పెడుతుంది. వాళ్ల చేతిరాత చదవగలిగింది ఈ భూమ్మీద ఆవిడొక్కతే. భర్త కంప్యూటర్లో భర్త మాటలు కొట్టేదీ ఆవిడే. ఈమధ్య కొట్టడానికి ఏమీ రావడం లేదు.

"సిస్టమ్ మళ్లీ ఎక్కిస్తాను. కంప్యూటర్ మొరాయిస్తోంది."

"కంప్యూటరా, మీరా?"

"నువ్వు నీ పని చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నా. ఈ ఇంట్లో పనిచేసేది నేనూ, ఫ్రిజ్జూ."

ఆ ఇన్‌స్టలేషన్ డిస్కు ఎప్పుడో పాత కంప్యూటర్‌తో వచ్చింది. దాన్ని ఇప్పటి కంప్యూటర్లో పెట్టి, ఏదో ఘోరం జరిగినట్టు ఓ ఫొటో తీసి త్రినాథరావుకి పంపాలని పథకం. డిస్కు కాసేపు గరగరమని తిరిగింది. సిస్టమ్ ఎక్కడ ఎక్కించాలో చూపించాల్సిన చోట ఖాళీ గడి చూపించి, కింద ఓ ముక్క రాసింది. ఈ కంప్యూటర్లో హార్డ్ డిస్క్ ఏదీ కనబడలేదని.

చలపతిరావు ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాడు. తను అబద్ధం ఆడబోతే కంప్యూటరే ముందుకొచ్చి సాక్షి సంతకం పెట్టింది.

బనీను మీదే నిలబడి ఫొటో తీశాడు. "సార్, క్లైమాక్సు మొత్తం పోయింది. ఎన్ని పేజీలో తలుచుకుంటే ఏడుపొస్తోంది" అని రాసి పంపాడు. అవతల్నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. త్రినాథరావుని ఇండస్ట్రీలో సిట్టింగుల త్రినాథరావంటారు. ఆయన సినిమాలు ఎన్ని విడుదలయ్యాయో గుర్తుండదు గానీ, కథ కోసం కూర్చున్న సిట్టింగుల్లో తిన్న మిర్చి బజ్జీలు అందరికీ గుర్తే.

మధ్యాహ్నానికి పరామర్శలు మొదలయ్యాయి. తోటి రచయితలు బత్తాయిలు పట్టుకుని వచ్చారు.

"ఎలా పోయింది?"

"పొద్దున బానే ఆన్ అయింది. ఇడ్లీలు తిని వచ్చేసరికి..." అని చలపతిరావు కళ్లొత్తుకున్నాడు.

"పోన్లెండి. బాధపడకుండా పోయింది."

వచ్చినవాళ్లందరూ ఆ ఫొటో తమకీ పంపమన్నారు. జ్ఞాపకంగా ఉంచుకోవడానికి కాబోలనుకున్నాడు. తీరా చూస్తే మూడింటికల్లా ఫిల్మ్‌నగర్‌లో గడువు మీద పడ్డ ప్రతి రచయిత కంప్యూటరూ చచ్చిపోయింది. అన్నీ ఒకేలా, మూలన చలపతిరావు బనీను నీడతో సహా.

అప్పుడు ఫోను మోగింది. త్రినాథరావు దగ్గర ప్రొడక్షన్ మేనేజర్, బోరబండ బాబీ.

"అన్నా, గిదేంది? నీ డిస్కు ఫొటోనే ఇంకో ఇద్దరు గూడ పంపిండ్రు. సార్ పరేషాన్‌ల ఉన్నడు. ఏదో వైరస్ అంటుండు."

"నిజమే బాబీ. వైరసే."

"నువ్వు ఫికర్ చెయ్యకు. మోతీనగర్‌ల ఒకాయన ఉన్నడు, పోయిన డేటా మొత్తం గుంజుతడు. ఆయన్ని గూడ రమ్మన్న. సారూ నేనూ బయల్దేరినం. నీ క్లైమాక్స్ యాడికి పోదన్నా."

యాడికీ పోదనేదే చలపతిరావు భయం. ఆ మోతీనగర్ మనిషి వచ్చి, లోపల తిరుగుతున్న పాత డిస్కుని బయటకి లాగాడంటే చాలు, కంప్యూటర్ నిద్ర లేచినట్టు శుభ్రంగా లేస్తుంది. ఫైలు తెరిస్తే గోడౌన్, రాత్రి. ఇక ఉన్న దారి ఒక్కటే. పొద్దున ఉత్తుత్తిగా చంపినదాన్ని ఇప్పుడు నిజంగా చంపాలి. హార్డ్ డిస్కంతా తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించాలి.

తుడుద్దామని కూర్చుంటే, ఇన్‌స్టలేషన్ డిస్కు మళ్లీ అదే మాట. హార్డ్ డిస్క్ కనబడలేదట. చంపుదామని కత్తి పట్టుకుని వెళ్తే మనిషి ఇంట్లో లేనట్టయింది.

ఇక గత్యంతరం లేక వంటింట్లోకి వెళ్లాడు.

"రాజ్యం, ఆ హార్డ్ డిస్కు ఎందుకు కనబడటం లేదో కాస్త చూస్తావా?"

"పోయిందన్నారుగా. బత్తాయిలు కూడా తిన్నాం."

"పోయింది. సరిగ్గా పోలేదు."

రాజ్యలక్ష్మి చెయ్యి తుడుచుకుని వచ్చి, తెర వంక ఓసారి, మొగుడి వంక ఓసారి చూసింది.

"డిస్కుకేం కాలేదండీ. హార్డ్ డిస్కు స్టోరేజ్ కంట్రోలర్ అనే ముక్కకి తగులుకుని ఉంటుంది. మన కంట్రోలర్ కొత్తది. ఈ ఇన్‌స్టలేషన్ డిస్కు పాతది. దాని డ్రైవర్ ఇందులో లేదు. జూబ్లీహిల్స్ బంగళా గేటు దగ్గర కొత్త వాచ్‌మన్‌ని పెడితే, ఓనరు కారు దిగినా 'అట్లాంటాయన ఈడ లేడు' అంటాడు చూడండి, అదీ సంగతి."

"డ్రైవర్ అంటే?"

"వాచ్‌మన్ జేబులో పెట్టే ఓనరు ఫొటో అనుకోండి."

"అయితే ఆ ఫొటో పెట్టెయ్. త్వరగా."

"హార్డ్ డిస్కు కనబడుతుంది మరి."

"కనబడాలి. కనబడితేనే తుడిచేది."

"అందులో ఉన్నవన్నీ పోతాయి. పర్లేదా?"

"ఏముందే అందులో?"

"ఈమధ్య తెరిచి చూశారా?"

"నేను రాసింది నాకు తెలీదా?"

రాజ్యలక్ష్మి కొంగు దోపుకుంది. లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. కంప్యూటర్ తయారుచేసినవాళ్ల సైటులోకి వెళ్లి డ్రైవర్లు వెతికింది. పాత డిస్కులోదంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. అందులోకి ఈ డ్రైవర్ని కలిపి కొత్త డిస్కు మీదకి ఎక్కించాలి. దాన్నే కాల్చడం అంటారు. మధ్యలో కుక్కర్ దించి వచ్చింది. మంచినీళ్లు పట్టి వచ్చింది. చలపతిరావు ఆవిడ వెనకే తిరుగుతున్నాడు.

"ఇంకా ఎంతసేపు?"

"వంట ఎంతసేపని ఎప్పుడైనా అడిగారా?"

ఆగలేక తనే వేలు పెట్టి, "ఇదుగో ఇక్కడ డ్రైవర్ అని ఉంది, ఇది కలిపెయ్" అన్నాడు.

"అది సౌండ్ డ్రైవర్. అది పెడితే హార్డ్ డిస్కు కనబడదు. మీ ఏడుపు వినబడుతుంది."

"పోనీ నువ్వే కానివ్వు."

"బాబీ ఎక్కడిదాకా వచ్చాడట?"

"యూసఫ్‌గూడ దాటాడట."

"అయితే కాల్చడం మొదలెట్టొచ్చు" అంది, మీట నొక్కి.

ఎందుకలా అందో ఆలోచించే తీరిక చలపతిరావుకి లేదు. కొత్త డిస్కు వేడివేడిగా బయటికొచ్చింది. పెట్టాడు. గరగరమంది. ఖాళీ గడిలో ఈసారి హార్డ్ డిస్కు నిండుగా, నిమ్మకి నీరెత్తినట్టు ప్రత్యక్షమైంది. తుడిచెయ్యమనే మీట మీదకి చలపతిరావు వేలు వెళ్తోంది.

"కనబడిందయ్యా" అన్నారు వెనక నుంచి త్రినాథరావు.

తలుపు రాజ్యలక్ష్మి ఎప్పుడో తీసి ఉంచింది. ఆయన వెనకే బాబీ. బాబీ జేబులోంచి నిమ్మకాయ తీసి, కంప్యూటర్‌కి మూడుసార్లు తిప్పి, గుమ్మం దగ్గర తొక్కాడు. మోతీనగర్ మనిషి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, ఇక అవసరం లేదని బాబీయే ఫోన్ చేసి చెప్పేశాడు.

"హార్డ్ డిస్కుకేం కాలేదు సార్. ఇన్‌స్టలేషన్ డిస్కులో డ్రైవర్ లేదంతే. ఈయన కంగారుపడ్డారు" అని రాజ్యలక్ష్మి మొగుడి పరువు ఓ పక్కకి సర్దిపెట్టి, డిస్కు బయటకి తీసి, కంప్యూటర్ మామూలుగా ఆన్ చేసింది.

"క్లైమాక్సు తియ్యమ్మా."

"ముందు కాఫీ సార్" అన్నాడు చలపతిరావు.

"ముందు క్లైమాక్సు."

ఫైలు తెరుచుకుంది. చలపతిరావు కళ్లు మూసుకున్నాడు. తిట్లు వినబడలేదు. మౌస్ చక్రం తిరుగుతున్న చప్పుడు వినబడింది. చాలాసేపు తిరిగింది. కళ్లు తెరిచేసరికి త్రినాథరావు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"ఎంత బాగా రాశావయ్యా."

చలపతిరావు భార్య వంక చూశాడు. ఆవిడ ఫ్యాను వంక చూస్తోంది. కార్డు గుర్తొచ్చింది.

"ఏదో సార్. మీ దయ."

"చివరి సీను నీ నోటితో ఒకసారి విందాం. లేచి చెప్పు."

లేచాడు. ఫిల్మ్‌నగర్‌లో కథ కూర్చుని చెప్పినవాడు బాగుపడలేదు. "గోడౌన్ సార్. రాత్రి."

"ఇక్కడ రేషన్ షాపు, మధ్యాహ్నం అని ఉంది."

"గోడౌన్ లాంటి రేషన్ షాపు సార్. హీరో కత్తి తీసి విలన్‌ని..."

"ఇక్కడ విలన్ని వాళ్లమ్మ చెవి పట్టుకుని క్యూలో వెనక్కి పంపిస్తోంది."

చలపతిరావు మళ్లీ కూర్చున్నాడు.

"అన్నా, నీ క్లైమాక్స్ నువ్వే సదవలేదా?" అన్నాడు బాబీ, నిజంగానే తెలుసుకుందామని.

త్రినాథరావు కుర్చీ రాజ్యలక్ష్మి వైపు తిప్పుకున్నారు. "ఎవరు రాశారమ్మా?"

"ఆ 'గోడౌన్, రాత్రి' రోజూ చూసి చూసి విసుగొచ్చింది సార్. మిగతా పేజీ ఖాళీగా ఉందని నింపాను."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆయన తెరిచి చూస్తారనుకున్నా. తుడిచేస్తానని కూర్చుంటారని అనుకోలేదు."

త్రినాథరావు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే కళ్లముందు పోస్టర్ కనబడుతుంది. "మాటలు: రాజ్యలక్ష్మి. బాగుంటుందమ్మా. కొత్తగా ఉంటుంది. కార్డు మీకే వేస్తాను, విడిగా." చలపతిరావు వైపు వేలు చూపించారు. "ఈయన పేరు ఎక్కడ వేద్దాం?"

చలపతిరావు భార్య ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ మాట కోసం అంత వినయంగా ఎప్పుడూ ఎదురుచూసి ఉండడు. ఆవిడకీ కాస్త జాలేసినట్టుంది.

"సాంకేతిక సహకారం అని వేయండి సార్. డిస్కు పెట్టింది ఆయనే కదా."

చలపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"అది విడి కార్డా సార్, గుంపులోనా?"