నోటితో తినని పిల్లల లెక్క

పిల్లలు నోటితో తింటారని యంత్రాంగం ఏనాడో తీర్మానించింది. తీర్మానమయ్యాక దానికి విరుద్ధంగా నడుచుకునే పిల్లలుంటే ఆ తిప్పలేవో పిల్లలే పడాలి (లేదా వాళ్ల అమ్మలు).

టైలరమ్మ కూతురికి ఆరేళ్లు. కుదురుగా ఉండదు కాబట్టి వీధంతా పిచ్చుక అంటుంది. మింగింది ఊపిరితిత్తుల్లోకి పోయే ఇబ్బంది ఉండటంతో డాక్టర్లు పొట్టకు చిన్న గొట్టం అమర్చారు. పూటకు ఇరవై నిమిషాలు సిరంజీతో ద్రవాహారం పోస్తే చాలు. తిండి పని తప్పింది కాబట్టి పిచ్చుక నోరు తీరిక సమయమంతా మాటలకే కేటాయించింది.

చిక్కల్లా బడిలో ఆ మధ్యాహ్నపు ఇరవై నిమిషాలతోనే. టైలరమ్మ వచ్చి పోస్తానన్నా, ఆయా నేర్చుకుంటానన్నా బడి ఒప్పుకోదు. 'బాలల ఆహార మార్గాల విభాగం' అనుమతి పత్రం కావాలి. అది వచ్చేదాకా పన్నెండింటికల్లా పిల్లను ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత గేటు తీయరు. బొమ్మల పిరియడేమో రెండింటికి.

"అందరూ ఏనుగు వేసేశారంట. నాకొక్కదానికే ఏనుగు లేదు" అని పిచ్చుక రోజూ దారి పొడుగునా ఒకటే గోల. చివరికి టైలరమ్మ కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి విభాగానికి బయల్దేరింది.

లెక్కల అధికారి మర్యాదస్థుడు. కుర్చీ కూడా చూపించాడు (దాని మీద ఫైళ్లున్నాయి, అది వేరే సంగతి).

"ఇలాంటి పిల్లలు చాలా అరుదమ్మా. ఒక్కరి కోసం అనుమతి ఇవ్వాలంటే నిబంధన ఉండాలి. నిబంధన రాయాలంటే కనీసం అయిదుగురుండాలి."

"ఇప్పుడెంతమంది ఉన్నారు సార్?"

ఆయన రిజిస్టరు తెరిచాడు. "మీ అమ్మాయితో కలిపి ఒకరు."

బయట వరండా కొళాయి దగ్గర ఒకావిడ సిరంజీ కడుగుతోంది. ఆ సైజు సిరంజీ చూడగానే టైలరమ్మ కాళ్లు ఆగిపోయాయి.

"అక్కా, మీకూ ఒక్కరే అన్నారా?"

"మా బాబు తప్ప లోకంలో ఇంకెవరూ లేరన్నారు. పోయిన నెల కూడా అదే మాట" అంది ఆవిడ. తన బిడ్డ దరఖాస్తు పట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఒక నర్సమ్మ తలెత్తింది. ఆమె పక్కనున్న తాతగారు చేతిసంచీ విప్పి తన సిరంజీ చూపించాడు. పదకొండయ్యేసరికి ఆ వరండాలో లోకంలో ఇంకెవరూ లేనివాళ్లు ఏడుగురు తేలారు.

ఏడుగురూ ఒక్కసారే లోపలికి వెళ్లారు. అధికారి కంగారుపడలేదు. ఒక్కొక్క కేసుకూ ఒక్కొక్క పేజీ అనీ, ప్రతి పేజీలోనూ వరస సంఖ్య ఒకటితోనే మొదలవుతుందనీ, అలా అయితేనే ఏ పిల్లా మరో పిల్ల వెనక నిలబడాల్సిన అవమానం ఉండదనీ వివరించాడు. టైలరమ్మ రిజిస్టరు లాక్కుని తిప్పింది. ఒకటి. ఒకటి. ఒకటి.

"సార్, ఇవి నలభై మూడు పేజీలు!"

"పేజీలు లెక్కపెట్టేది స్టేషనరీ శాఖమ్మా. వాళ్ల పనిలో నేను వేలు పెట్టను."

టైలరమ్మకు ఒళ్లు మండింది. కొలతలు తీసి తీసి అలవాటైన మనిషి, ఎదుట కనిపించేదాన్ని లేదంటే ఊరుకోలేదు. మిగతా ఆరుగురూ గొంతు కలిపారు. గోల భరించలేక అధికారి అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు: అన్ని బళ్లలోనూ స్వయంగా వెళ్లి, కళ్లారా చూసి లెక్క తీయవలెను. ఏడుగురూ ఆ రోజు టీ కొట్టు దగ్గర పెళ్లివారిలా నవ్వుకున్నారు. "నా ఏనుగు వచ్చేస్తుందా?" అని పిచ్చుక అడిగితే టైలరమ్మ మొదటిసారి అవునని మాటిచ్చింది.

లెక్క ఎంతో శాస్త్రీయంగా జరిగింది. పిల్లలు ఎలా తింటున్నారో చూడాలంటే తినే వేళకే చూడాలి కదా. కాబట్టి సరిగ్గా పన్నెండున్నరకు, అన్ని బళ్లలోనూ ఒకేసారి, నూట పది మంది సిబ్బంది ప్రతి పళ్లెం దగ్గరా నిలబడి ప్రతి నోటినీ పరిశీలించారు. గొట్టంతో తినే పిల్ల ఒక్కతీ కనబడలేదు. వాళ్లను నిబంధన ప్రకారం పన్నెండింటికే ఇళ్లకు పంపేశారు.

పది రోజులకు మధ్యాహ్నం వేళ తపాలా వచ్చింది. కుడిచేతిలో సిరంజీ ఉంది కాబట్టి టైలరమ్మ దాన్ని ఎడమచేత్తో అందుకుంది. దరఖాస్తు మూసివేయడమైనదని మొదటి వాక్యం. రెండోది: "మీ అమ్మాయి పూర్తిగా కోలుకున్నందుకు విభాగం హృదయపూర్వక అభినందనలు తెలియజేస్తోంది."