వోల్నే మోకాలి మీద పెళ్ళి దస్త్రం

ఒండినా బెంతాంకూర్ ఆ ఉదయానికి వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి రిజిస్ట్రారు ఆఫీసు తలుపు తెరవాలి. ఒక థర్మాసు వేన్నీళ్ళు పోసుకుంటూ గొట్టంతో మాతే ఆకు టీ తాగాలి. తన పెళ్ళి దస్త్రం తనే ప్రింటు తీసుకుని, పదకొండింటికి జడ్జిగారి ముందు పెళ్ళి చేసుకోవాలి. ఆ తర్వాత చింగోలో అనే ఫుట్‌బాల్ క్లబ్బులో నిప్పుల మీద కాల్చిన గొర్రె, రెండింటికి సముద్రం వైపు వెళ్ళే బస్సు. పెళ్ళిరోజున కూడా ఆఫీసేమిటని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: పాసో సెరేనో ఊళ్ళో పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, మధ్యలో పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఆ కంప్యూటర్లో ఏ మూల ఉన్నారో తనకి తప్ప ఎవరికీ తెలియదు.

ముందురోజే ప్రింటు తీసి పెట్టుకోవచ్చు కదా అని మీరనవచ్చు. ఇంతకుముందు మూడుసార్లు ఆమె అలాగే చేసింది. మూడుసార్లూ పెళ్ళి ఆగింది. మొదటిసారి పెళ్ళికొడుకు దార్దో తెచేరా తల్లి పోయింది. ఏడాది సంతాపం అన్నాడు, అది నాలుగేళ్ళు సాగింది. రెండోసారి నడుముకి ఆపరేషన్. మూడోసారి ప్రపంచకప్పు. "ఈ ఏడాది నా బుర్ర దేనికీ పనికిరాదు ఒండీ" అన్నాడు, ప్రపంచకప్పు నెలరోజుల్లో అయిపోతుందని లోకమంతటికీ తెలిసినా. అలా పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఇవాళ డిసెంబరు ఇరవై మూడు. ఇవాళ తప్పితే, ఆ దేశంలో డిసెంబరే వేసవి గనక, సెలవులు, మళ్ళీ ఆఫీసు తెరిచేది ఫిబ్రవరిలోనే. ఫిబ్రవరికల్లా దార్దోకి కొత్త సాకు దొరుకుతుందని ఒండినాకి గోడ మీది గడియారమంత స్పష్టంగా తెలుసు.

మాతే గొట్టం నోట్లో పెట్టుకుని కంప్యూటర్ తెరిచిన ఒండినా ఆ గుక్క మింగడం మరిచిపోయింది.

పద్నాలుగేళ్ళుగా ఆ తెర మీద ఉన్నది ఒకటే బొమ్మ: ఎనభై ఏడులో జిల్లా కప్పు గెలిచిన చింగోలో జట్టు. వెనక ఆరుగురు నిలబడి, ముందు ఐదుగురు గొంతుక్కూర్చుని ఉంటారు. ఒండినా ఫోల్డర్లకి పేర్లు పెట్టేది కాదు. పేర్లుండాల్సింది మనుషులకి, కాగితాలకి కావలసింది చోటు అనేది ఆమె సిద్ధాంతం. అన్నిటికీ కంప్యూటర్ తనంతట తాను పెట్టిన పేరే: కొత్త ఫోల్డర్, కొత్త ఫోల్డర్ రెండు, మూడు, అలా అరవై ఒకటి దాకా. జననాలు కుడి వింగు ఆటగాడి బూటు మీద ఉండేవి, అతను పరుగు ఆపేవాడు కాదు గనక. విడాకులు ఎడమ బ్యాక్ మీద, అతను ఎప్పుడూ తన చోట ఉండేవాడు కాదు గనక. జరగబోయే పెళ్ళిళ్ళు తొమ్మిదో నంబరు వోల్నే సోసా మోకాలి మీద. ఆ జట్టు ఊరందరికీ కంఠతా వచ్చు, కనుక ఒండినాకి జ్వరమొచ్చిన రోజున కూడా ఇంటి నుంచి ఫోన్ చేసి "ఐదో నంబరు భుజం మీద చూడు" అంటే సరిపోయేది.

ఇప్పుడు జట్టు లేదు. తెరంతా నల్లగా ఉంది. మధ్యలో క్లబ్బు విందులో నోటినిండా తిండి పెట్టుకున్న ఒండినా, దార్దోల ఫోటో. అక్షరాలు బస్సు మీది బోర్డంత అయ్యాయి. బాణం గుర్తు పోయి ఎర్రటి గుండె వచ్చింది. అరవై ఒక్క ఫోల్డర్లూ ఎడమ పక్కన సైనికుల్లా వరస కట్టి నిలబడ్డాయి. ఆమె మౌస్ కదిపీ కదపకముందే కంప్యూటర్లోంచి మాడ్రిడ్ యాసలో ఒక ఆడగొంతు, "చెత్తబుట్ట. ఖాళీగా ఉంది" అంది.

"ఎలా ఉంది దోన్యా ఒండినా?" అంటూ, అమ్మగారూ అన్నంత మర్యాదగా, బీరువా వెనక నుంచి ఎల్బియో ప్రత్యక్షమయ్యాడు. తొమ్మిదేళ్ళుగా ఆమె పక్క బల్ల మీద పనిచేస్తున్న గుమాస్తా, ఇద్దరు బిడ్డల తండ్రి. "నా పెళ్ళి కానుక! ఆరింటికే వచ్చి చేశా. మీ కళ్ళకి శ్రమ లేకుండా అక్షరాలు పెద్దవి చేశా. చదవక్కర్లేకుండా గొంతు కూడా పెట్టా."

"నిన్నెవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. అందుకే కదా కానుకయింది."

"నా జట్టేది?"

"ఆ పాత ఫోటోనా? మసకబారిపోయిందని బుట్టలో వేశా. ఆ తర్వాత బుట్ట ఖాళీ చేశా."

"ఖాళీగా ఉంది" అని మాడ్రిడ్ గొంతు సాక్ష్యం చెప్పింది.

ఒండినాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? అడక్కుండా ఇంకొకరి వంటింట్లో డబ్బాలు సర్దేవాళ్ళకి ఏ చట్టంలోనూ శిక్ష రాయకపోవడం ఈ దేశంలో జరిగిన పెద్ద అన్యాయం. పైగా వాళ్ళు పళ్ళికిలిస్తూ మెప్పు కోసం ఎదురుచూస్తారు. అది భరించడం ఇంకా కష్టం.

"నా పెళ్ళి దస్త్రం ఎక్కడుందో చూపించు."

"పేరు చెప్పండి, వెతుకుతా."

"పేరు లేదు. వోల్నే మోకాలి మీద ఉంది."

ఎల్బియో తెర వైపు చూశాడు. అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. "తేదీల వారీగా సర్దితే కొత్తది పైకి వస్తుంది దోన్యా, ఒక్క నిమిషం" అన్నాడు. సర్దాడు. అన్నిటికీ ఆ రోజు తేదీయే పడి ఉంది. భద్రంగా ఉంటాయని పొద్దున్నే అన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి, మళ్ళీ కొత్తగా పెట్టాడట. పోనీ బరువు చూసి సర్దుతానన్నాడు. దాంతో ఉన్న వరస కూడా చెదిరింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఏ ఫోల్డర్ తెరిచినా వందల కొద్దీ కాగితాల ఫోటోలు, పేర్లకి బదులు అంకెలు. ఆ ముసలి యంత్రం ఒక్కొక్కటి తెరవడానికి అరనిమిషం మూలిగేది. గుండె గుర్తు ఆగిన ప్రతిచోటా గొంతు చదివేది. దాని నోరు ఎలా మూయించాలో ఎల్బియోకి గుర్తురాలేదు.

"నా జట్టు నాకు కావాలి. చూస్తే గుర్తొస్తుంది" అంది ఒండినా. "ఆ ఫోటో పటం కట్టి క్లబ్బు కాంటీన్లో వేలాడుతోంది. తెప్పించు."

ఎల్బియో క్లబ్బుకి ఫోన్ చేశాడు. కంగారులో ఉన్నాడు పాపం, క్లుప్తంగా చెప్పాడు: "దోన్యా ఒండినాకి వెంటనే వోల్నే కావాలి. వోల్నే లేకపోతే పెళ్ళి లేదంటోంది. ఎనభై ఏడు ఫోటో కూడా పట్టుకురండి." అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అయినా పావుగంటలో ఆ వార్త బేకరీ దాటి, మందుల షాపు దాటి, మంగలి కుర్చీలో గడ్డం గీయించుకుంటున్న పెళ్ళికొడుకు దాకా వెళ్ళింది.

పదిన్నరకి వోల్నే సోసా వచ్చాడు. ఊళ్ళో మాంసం కొట్టు అతనిదే. ఆ పెళ్ళికి నలుగురు సాక్షుల్లో ఒకడు. గొర్రెని నిప్పుల మీదే వదిలేసి, మసి కొట్టుకున్న ఏప్రాన్‌తో, చంకలో పటంతో, వెనక సగం క్లబ్బుతో వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"ఒండినా, నాకు పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయింది" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ మాటేదో నువ్వు ఎనభై ఏడులోనే చెప్పాల్సింది."

"ఛీ, నీ మొహం ఎవరిక్కావాలి? నాకు కావలసింది నీ మోకాలు!"

వెనకున్న సగం క్లబ్బు హాహాకారం చేసింది. సరిగ్గా అప్పుడే దార్దో లోపలికొచ్చాడు. కొత్త సూటు, సగం గీసిన గడ్డం.

"వీడి మోకాలితో నీకేం పని ఒండీ?"

"వీడి మోకాలి మీదే కదయ్యా మన పెళ్ళి ఉంది!"

ఆ మాటకి అర్థం చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా ఎల్బియో పటాన్ని తెరకి ఆనించి నిలబెట్టాడు. ఒండినా వోల్నే మోకాలి మీద వేలు పెట్టింది. వేలి కింద గాజు తగిలింది గానీ ఫోల్డర్ తగల్లేదు. ఫోటో తిరిగొచ్చినంత మాత్రాన కాగితాలు లేచొచ్చి తమ చోట్లలో కూర్చోవన్న సంగతి అప్పటిదాకా ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా జడ్జి సూల్మా ఇరిగోయెన్ వచ్చింది. విషయం విని చేతిగడియారం చూసుకుంది.

"పన్నెండింటికి నేను బయల్దేరాలి, పక్క ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉంది. అసలు కాగితాలు జిల్లాకి వెళ్ళిపోయాయి. ఇక్కడి నకలైనా చూడకుండా నేను పెళ్ళి చెయ్యను. దొరక్కపోతే ఫిబ్రవరిలో చేద్దాం."

ఒండినా వెంటనే దార్దో వైపు తిరిగింది. ఆ క్షణంలో అతని చెయ్యి టై ముడి వదులు చేస్తోంది.

"ఫిబ్రవరంటే ఎంతలే ఒండీ" అన్నాడు. "ఎండలు కూడా తగ్గుతాయి."

"ఆ మాట ఇంకొక్కసారి అను" అంది ఒండినా. "పంతొమ్మిదేళ్ళు! మీ అమ్మ కోసం ఆగాను. నీ నడుం కోసం ఆగాను. ఎవడో ఎక్కడో బంతి తన్నుతుంటే దాని కోసం కూడా ఆగాను. ఇప్పుడు ఎండల కోసం ఆగాలా? ఇంత ఊళ్ళో సిగ్గు లేనివాడు ఎల్బియో ఒక్కడే అనుకున్నా."

చెప్పడానికేమీ లేని మగవాడు ఎదురు తిరుగుతాడు; దార్దో కూడా తిరిగాడు.

"అసలు మన కాగితాలు వాడి మోకాలి మీద ఎందుకుండాలి? నేను గోల్‌కీపర్ని! వెనక వరసలో ఇంత వెడల్పున నిలబడి ఉన్నా. నా ఛాతీ మీద ఏం పెట్టావు?"

ఒండినా పటం మీది మసి తుడవడం మొదలుపెట్టింది.

"నిన్నే. ఏం పెట్టావు?"

"మరణాలు."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. వోల్నేయే అయ్యుండాలి.

"నా మీద చావులా?"

"వెడల్పుగా ఉన్నావు. చోటు సరిపోయింది."

"లే అక్కణ్ణించి!" దార్దో ఆమెని లేపి కుర్చీలో కూలబడ్డాడు. "ఊళ్ళో ఎన్ని శవాలు నా మీద మోపావో నా కళ్ళతో చూడాలి!" లావుపాటి వేళ్ళతో వరసగా నొక్కడం మొదలుపెట్టాడు. గొంతు తాపీగా చదువుతూ పోయింది: "కొత్త ఫోల్డర్ తొమ్మిది. కొత్త ఫోల్డర్ ముప్ఫై." పన్నెండోది తెరిస్తే మరణ ధ్రువపత్రాలు బయటపడ్డాయి. అతని తల్లిది, పాత కోచ్‌ది, బేకరీ ముసలాయనది. దార్దో మొహం చిట్లించి కిందికి జరుపుతూ వెళ్ళి ఒకచోట ఆగిపోయాడు.

"ఇది నా సంతకం" అన్నాడు. "నేనెప్పుడు చచ్చాను?"

అది పెళ్ళి దరఖాస్తు. కింద ఇద్దరి సంతకాలు, పక్కన పంతొమ్మిదేళ్ళ నాటి తేదీ. దాని పక్కన రెండోది. దాని పక్కన మూడోది.

"పారెయ్యడానికి చేతులు రాలేదు" అంది ఒండినా. ఈసారి గొంతులో కోపం వెతికినా దొరకలేదు. "పెళ్ళిళ్ళలో పెడదామంటే అవి పెళ్ళిళ్ళు కాలేదు. అందుకని పోయినవాళ్ళతో పెట్టాను."

సగం క్లబ్బూ టోపీలు తీసి చేతుల్లో పట్టుకుంది. వోల్నే ఏప్రాన్‌కి చేతులు తుడుచుకున్నాడు. మాడ్రిడ్ గొంతు ఒక్కటే, "మూడు అంశాలు ఎంపికయ్యాయి" అంది.

దార్దో కోటు విప్పి ఎల్బియో మొహాన కొట్టాడు.

"నాలుగోదేది?" అని అరిచాడు. "అదీ నా ఛాతీ మీదకొచ్చేదాకా చూస్తూ కూర్చుంటానా? ఒండీ, ఇలా వచ్చి కూర్చో, ఏది ఏదో చెబుతూ ఉండు. వోల్నే, తలుపుకి అడ్డంగా నిలబడు. ఎవర్నీ బయటికి పోనివ్వకు, ముఖ్యంగా జడ్జిగారిని!"

"నన్ను నిర్బంధిస్తున్నారా?" అంది జడ్జి.

"పన్నెండింటి దాకానే అమ్మా" అన్నాడు వోల్నే వినయంగా, తలుపంతా నిండి.

తెరిచారు. నీటి మీటర్ల ఫిర్యాదులు, పేరు మార్పులు, కుడి వింగు ఆటగాడి జననాలు. ఎడమ బ్యాక్ విడాకులు బయటపడ్డప్పుడు ముగ్గురు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. "తొందరగా, తొందరగా" అని పెళ్ళికూతుర్ని గదమాయిస్తున్న పెళ్ళికొడుకుని చూసి ఊరు నోరెళ్ళబెట్టింది. పదకొండు నలభై ఆరుకి, "కొత్త ఫోల్డర్ యాభై ఎనిమిది" అంది గొంతు. అందులో ఉంది. జడ్జి తెర మీదే చదివి తలాడించింది. ఒండినా తెర మీది పెళ్ళి పత్రంలో వివరాలు నింపింది. సాక్షులు నిలబడ్డారు.

"దార్దో తెచేరా, ఈమెని భార్యగా స్వీకరించడం మీకు సమ్మతమేనా?"

సరిగ్గా ఆ క్షణాన తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. మాడ్రిడ్ గొంతు గదంతా వినిపించేలా అడిగింది: "మార్పులు భద్రపరచాలా? అవును. కాదు. రద్దు."

"రద్దూ లేదు, గాడిదగుడ్డూ లేదు!" దార్దో కుర్చీ తన్ని లేచాడు. "అవును! అవునంటే అవునే! నొక్కు ఒండీ, అది మళ్ళీ అడగకముందే నొక్కు!"

పన్నెండుకి రెండు నిమిషాలుండగా ఒండినా నొక్కింది, ఆ తర్వాతే తన సమ్మతి చెప్పింది. ఆఫీసు గుమ్మంలో బియ్యం చల్లారు. కోటు మోస్తున్న ఎల్బియో మీదే ఎక్కువ పడ్డాయి, అవీ కాస్త గట్టిగానే పడ్డాయి. క్లబ్బులో గొర్రె ఒక పక్క బొగ్గయి ఉంది. రెండో పక్క తిని, కొత్త దంపతులు రెండింటి బస్సెక్కారు. ఆఫీసుకి తాళం పడింది.

ఫిబ్రవరి దాకా పాసో సెరేనోలో ఒక్క కాగితం కూడా ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. సెలవులు గనక ఆ తేడా ఎవరికీ కనిపించలేదు.