పెన్ను బీరువాలో క్షేమం

పనిముట్టు పాడవడానికి లోకంలో ఒక్కటే కారణం ఉంది. దాన్ని వాడటం!

ఈ చిన్న సత్యం తెలియక పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు యంత్రాలను తుడుస్తారు, నూనె పోస్తారు, సర్వీసింగ్ చేయిస్తారు. ఎందుకండీ ఇంత ప్రయాస? వాళ్లంతా ఒకసారి భువనగిరి వచ్చి మా యానిమేషన్ స్టూడియోను చూసి పోవాలని నా మనవి. మా దగ్గర ఇంతవరకు ఒక్క వస్తువు కూడా అరగలేదు. అరిగింది వేరే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంతకీ ఇదంతా చెప్పడానికి నేనెవరిననా? ఆ స్టూడియోలో పరికరాల భద్రత, సంరక్షణ నా బాధ్యత. అంటే బీరువా తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది.

ఈ ఉద్యోగానికి నన్ను మించిన అర్హుడు లేడు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. పట్టా చేతికి రాగానే మా బాపు కృష్ణయ్య రామన్నపేట తీసుకుపోయి లామినేషన్ చేయించాడు. లామినేషన్ పాడవకుండా దానికో కవరు తొడిగాడు. కవరు పాడవకుండా ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఎవరడిగినా జిరాక్సే చూపించాలి. ఒరిజినల్‌ను ఇప్పటిదాకా ఎక్కడా వాడలేదు కాబట్టి అది ఇంకా కొత్తగా మెరుస్తోంది. చదివినవాడి గురించి ఆ మాట చెప్పలేను.

మా సార్ పేరు పరశురాములు. స్టూడియో పెట్టకముందు ఆయనకు టెంట్ హౌస్ ఉండేది. పెళ్లిళ్లకు కుర్చీలు, షామియానాలు, వంట గంజులు కిరాయికి ఇచ్చేవాడు. నాలుగు కాళ్లతో పోయిన కుర్చీ మూడు కాళ్లతో తిరిగొచ్చేది. షామియానాకు బీడీ బొక్కలు పడేవి. గంజు అయితే సొట్టలు పడి, అదే గంజు అని గుర్తుపట్టడానికి మూత తెచ్చి పెట్టి చూడాల్సి వచ్చేది. వస్తువును జనం చేతికి ఇవ్వకపోతే కిరాయి రాదు, ఇస్తే వస్తువు రాదు. ఎంత నరకమో ఆలోచించండి!

అందుకే ఆయన వస్తువు గడప దాటని వ్యాపారం ఒకటి వెతికి యానిమేషన్‌లోకి దిగాడు. గడప లోపల కూడా జనం ఉంటారని, వాళ్లకు కూడా చేతులుంటాయని ఆయనకు మమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్నాకే అర్థమైంది. అప్పటినుంచి పాపం ఆయనకు నిద్ర లేదు.

ముందే చెబుతున్నాను, సార్ మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు. "వాడితె ఖరాబైతది బిడ్డా" అని మాత్రం అంటాడు. అంతే.

ఇక మా భద్రతా ప్రమాణాలు చూడండి.

చక్రాలున్న ఆఫీసు కుర్చీలన్నీ షోరూం నుంచి వచ్చిన పాలిథిన్ కవర్లలోనే ఉన్నాయి. ఎండాకాలం ఊళ్లోని ఖిల్లా బండ కాగి సెగలు కక్కుతుంటే, ఆ కవరు మీద కూర్చున్న మనిషి చెమటకు మెల్లగా ముందుకు జారుతుంటాడు. మా నవీన్‌కుమార్ ఒకసారి బొమ్మకు రంగులు వేస్తూ వేస్తూనే టేబుల్ కిందికి చేరుకున్నాడు. కుర్చీకి ఏమైనా అయిందా? గీత పడలేదు!

కీబోర్డుల మీద కూడా కవర్లే. సీపీయూలకు సార్ కొలతలిచ్చి మఖ్మల్ కవర్లు కుట్టించాడు. గాలి పోయే జాలీలు దుమ్ముకు దారి ఇస్తాయని వాటిని కూడా కలిపి కుట్టించాడు. పాపం అవి లోపల ఉడుకుతూ దమ్ము రోగి లాగా మూలుగుతుంటాయి. వాటికి టేబుల్ ఫ్యాన్ పెట్టాం. ఫ్యాన్ రెక్కలకు కవరు ఎలా వేయాలన్న విషయం పరిశీలనలో ఉంది.

మంటలు ఆర్పే ఎర్ర సిలిండర్ ఉందా అని మీరు అడుగుతారు. లేకుండా ఎలా ఉంటుంది? గోడకు తగిలిస్తే ఎవరైనా ముట్టుకుంటారని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాం. ఒకరోజు మఖ్మల్ కవరులోంచి నిజంగానే పొగ వచ్చింది. అందరూ తాళంచెవి కోసం వెతికారట. తాళంచెవి నా మొలతాడుకు ఉంది, నేను చాయ్ హోటల్లో ఉన్నాను. నేను వచ్చేసరికి పొగ దానంతటదే ఆగిపోయింది, సీపీయూ కూడా. సిలిండర్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రం సార్ నా భుజం తట్టాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా స్టూడియోలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు పెన్ ట్యాబ్లెట్. పలక లాంటి తెర, దాని మీద గీయడానికి ఒక పెన్ను. కాగితం మీద గీసినట్టే గీయొచ్చని చెబుతారు. నేను నిర్ధారించలేను. ఎందుకంటే కొన్న రోజు కొబ్బరికాయ కొట్టి, పెన్నుకు పసుపు కుంకుమ పెట్టి బీరువాలో పెట్టినదాన్ని మళ్లీ దసరాకు తీసి, పాత కుంకుమ మీద కొత్త కుంకుమ పెట్టి లోపలికి పంపాం. ఇంత భద్రంగా పండగలు చేసుకునే పెన్ను జిల్లాలో ఇంకోటి ఉంటుందా?

మరి బొమ్మలు దేనితో గీస్తారు? మౌస్‌తో!

మా బొమ్మలన్నీ గీసేది కోమల. ఆమె గీస్తే కోడిపిల్ల తెర దిగి నడిచొస్తుందేమో అనిపిస్తుంది. కానీ మౌస్‌తో బొమ్మ గీయడమంటే ఇటుక పట్టుకుని వాకిట్లో ముగ్గు వేయడమే. అలా గుట్టలకొద్దీ బొమ్మలు గీసి గీసి ఆమె కుడి మణికట్టు వాచింది. మొదట్లో బాలనర్సమ్మ, అంటే వాళ్లమ్మ, రోజూ ఉప్పు మూట కట్టి కాపడం పెట్టి పంపేది. తర్వాత కోమల దవాఖానకు పోయింది. మౌస్ ఆపకపోతే ఆ చెయ్యి ఇంక బొమ్మలు గీయడానికి పనికిరాదని డాక్టరు చెప్పాడు.

కోమల వచ్చి సార్‌ను పెన్ను అడిగింది. సార్ ఆమె చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. తర్వాత అన్నాడు: "గీ నొప్పి చేత్తోని పట్టుకుంటె పెన్ను కింద పడ్తది బిడ్డా. జర చెయ్యి మంచిగ కానియ్యి, అప్పుడు తీద్దాం."

ఈ తర్కంలో ఎక్కడైనా తప్పుందా? నేను చాలాసేపు వెతికాను. చెయ్యి బాగైతే పెన్ను ఇస్తారు. పెన్ను ఇస్తే చెయ్యి బాగవుతుంది. డిగ్రీలో ఇలాంటి లెక్కను ఏదో పేరుతో చెప్పారు గానీ, ఆ పుస్తకం కూడా అట్ట చిరగకుండా దాచాను.

సరిగ్గా అప్పుడే మక్తల్ నుంచి విజేందర్ పని వచ్చింది. ఆయన పశువుల దాణా డీలరు. కొత్త దుకాణం తెరుస్తున్నాడు. దాణా తిన్న తెల్లటి ఎద్దు రంకె వేస్తూ నడిచొచ్చే బొమ్మ కావాలి, దుకాణం ముందు పెద్ద టీవీలో పెడతాడు. కోమల పళ్లబిగువున మౌస్‌తోనే గీసింది. ఎద్దు నడిచింది, మూపురం ఊగింది, గంగడోలు కూడా అలలు పోయింది. పంపించాం.

వెంటనే ఫోన్ వచ్చింది. విజేందర్ కోప్పడలేదు. చాలా నెమ్మదిగా అడిగాడు: "ఏందన్నా, మా ఎద్దుకు కామెర్లు గిట్ల అయినయా?"

విషయమేమిటంటే, మా మానిటర్ల మీద కంపెనీ వాళ్లు అంటించిన నీలం రంగు పొర అలాగే ఉంది. పీకితే తెర మీద గీతలు పడతాయని పీకలేదు. ఆ పొర వెనక తెల్లటి ఎద్దు నీలంగా కనిపించింది. అది తెల్లగా కనబడేదాకా పాపం కోమల దానికి పసుపు రంగు కలుపుతూ పోయింది. మా తెర మీద మల్లెపువ్వు లాంటి ఎద్దు, మక్తల్ టీవీలో పసుపు ముద్దలో పొర్లి లేచినట్టు కనిపించింది.

"దాణ అమ్మేటోని ఎద్దే గట్లుంటె ఇంక మా దాణ ఎవడు కొంటడే?" అన్నాడు విజేందర్. శుక్రవారం దుకాణం తెరిచేలోపు తెల్ల ఎద్దు రావాలి, లేకపోతే పని వద్దన్నాడు.

పొర పీకితే సరిపోతుందని నవీన్‌కుమార్ అన్నాడు. అనుభవం లేని మాట! సార్ గంటసేపు ఆలోచించి అంతకన్నా భద్రమైన ఉపాయం చెప్పాడు. అలాంటి నీలం పొరే ఒకటి కొని మక్తల్‌కు కొరియర్ చేద్దాం, విజేందర్ తన టీవీకి అంటించుకుంటే ఎద్దు తెల్లగా అయిపోతుంది, పైగా ఆయన టీవీ కూడా కొత్తగా ఉంటుంది.

ఇది ఫోన్లో చెప్పే బాధ్యత నాది. డిగ్రీ ఉంది కదా. చెప్పాను. విజేందర్ అంతా విన్నాడు. తర్వాత, "అన్నా, నువ్వు చదువుకున్నవా?" అని అడిగాడు. చదువుకున్నానని, పట్టా లామినేషన్ చేయించి భద్రంగా ఉంచామని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

ఇంక మిగిలింది ఒకటే దారి. ఎద్దుకు మొదటినుంచి మళ్లీ రంగులు వేయాలి. దాని వెంట వచ్చే దూడ బొమ్మ కూడా కావాలని విజేందర్ ఇంక నాకు ఫోన్ చేయకుండా మనిషితో కబురు పెట్టాడు. గీయగలిగింది కోమల ఒక్కతే. సార్ ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లి, మౌస్ మీద దుమ్ము తనే తుడిచి, ఎంతో ఆప్యాయంగా ఆమె ముందుకు జరిపాడు.

కోమల మౌస్ ముట్టుకోలేదు. పార్సిళ్లకు చుట్టే బుడగల కవరు మూలకు ఉంటే లేచి తెచ్చుకుంది. ఎడమ చేత్తో దాన్ని కుడిచేతికి చుట్టింది. వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా, ఎక్కడా సందు లేకుండా, మా స్టూడియో పద్ధతిలో చుట్టింది. చివర టేపు అంటించమని నా వైపు చాచింది. భద్రతా బాధ్యత నాదే కాబట్టి అంటించాను. తర్వాత ఆ చేతిని టేబుల్ మీద జాగ్రత్తగా పెట్టి కూర్చుంది.

"గిదేంది బిడ్డా?" అన్నాడు సార్.

"నేను ఈడికొచ్చిన్నాడు ఇది గుడ కొత్తదే ఉండె సార్. కవర్ ఏసిన. వాడితె ఖరాబైతది."

సార్ ఆ చేతిని చూశాడు. కవరు వేసిన వస్తువును ముట్టుకోవడం ఆయన వల్ల కాదు, జన్మలో కాలేదు! బుడగలు తళతళలాడుతున్నాయి. ఆయన చెయ్యి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. చివరికి నా వైపు తిరిగి అరచెయ్యి చాచాడు. నేను చొక్కా పైకెత్తి తాళంచెవి విప్పి ఇచ్చాను.

పెన్ను బయటికి వచ్చింది. కుంకుమ గోరుతో గీకాల్సి వచ్చింది. వారంటీ కార్డు కూడా బయటపడింది. బీరువాలో ఉండగానే దాని గడువు తీరిపోయింది, ఏ బాధా లేకుండా. సార్ కళ్లు మూసుకుని మానిటర్ పొర కూడా తనే పీకాడు. కళ్లు తెరిచి, పసుపుపచ్చ ఎద్దును చూసి, "నిజంగనే కామెర్లున్నయి" అన్నాడు.

పెన్ను పట్టుకుంటే కోమలకు నొప్పి కొంచెం తక్కువేనట. కొంచెమే. ఆగి ఆగి గీస్తోంది. నవీన్‌కుమార్ రంగులు వేస్తున్నాడు. శుక్రవారానికి ఎద్దు తెల్లబడి మక్తల్ చేరింది, దూడ తర్వాత వెళ్లింది.

కాబట్టి పాఠకులారా, మా పద్ధతి ఓడిపోయిందని తొందరపడకండి. పీకిన నీలం పొరను సార్ నలగకుండా చుట్టి, పైన ఇంకో కవరు తొడిగి, పెన్ను ఖాళీ చేసిన జాగాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మళ్లీ నా మొలతాడుకే ఉంది. మా దగ్గర ప్రతి వస్తువూ క్షేమం.

కోమల చెయ్యి మాత్రం ఇంకా దవాఖాన చుట్టూ తిరుగుతోంది. దానికి వారంటీ ఎంతవరకు ఉందని మొన్న సార్ నన్నే అడిగాడు. కార్డు కోసం బీరువా అంతా వెతికాను. దొరకలేదు. ఆ చేతిని ఎవరూ కొన్నట్టు లేదు, ఉత్తగా వచ్చింది కదా అని వాడుకున్నట్టుంది.